ఇంటిలో శరత్తు

భాద్రపదము గడచి ఆశ్వయుజము ప్రవేశించునప్పటికి తెలుగునాట గృహకృత్యము లన్నియు నొక క్రొత్త త్రోవ పట్టును. వానకాలమంతయు మూలల ముక్కిపోయిన పరుపులు మేడమీది కెక్కును. పప్పుదినుసులు చేటలలో నెండకు వచ్చును. పూలబుట్టలు, గోరింటాకు, వత్తుల ప్రత్తి ఒకదానివెనుక నొకటి యింట చేరును. ఈ పనులను పండుగల పేరిట జ్ఞాపకముంచుకొనుట మన యలవాటు. కాని పంచాంగము నొకింత ప్రక్కనుంచి ఆకాశమువైపు చూచినచో, వీనిలో పెక్కింటికి మూలమైనవి రెండే రెండు మార్పులని తెలియును: గాలిలోని నీటియావిరి తగ్గుట యొకటి, రాత్రి పెరుగుట రెండవది. పసిపిల్లలు గల యింట శరత్కాలమున పుట్టు ప్రశ్నలలో చాలవానికి సమాధానము ఈ రెండింటియందే యున్నదని, ఆ సమాధానము పాఠశాలలో పై తరగతులదాక వాయిదా వేయవలసినది కాదని నా దృఢవిశ్వాసము.

నా పుట్టినిల్లు ఓరుగల్లు ప్రాంతము, అత్తవారిల్లు కోనసీమ, కాపురము హైదరాబాదు. కావున బతుకమ్మయు అట్లతద్దియు రెండును మా యింటి పండుగలే. పెద్దది ఆరేండ్ల పిల్ల. చిన్నవా డింకను పాకుచున్నాడు. చంటివాని బట్టల విషయమే మొదట చెప్పవలెను, ఏలన ఋతువు మారినదని మా యింట మొదట తెలియజేయునది ఆ దండెమే. ఒక ఘనమీటరు గాలి 30 డిగ్రీల వేడిమియొద్ద సుమారు 30 గ్రాముల నీటియావిరిని తనలో నిముడ్చుకొనగలదు; 20 డిగ్రీలయొద్ద 17 గ్రాములకు మించి యిమడదు. శ్రావణమాసపు గాలి అప్పటికే తన పరిమితికి చేరువగా ఆవిరితో నిండియుండును గనుక, తడిబట్టనుండి లేచిన నీటియణువులలో చాలభాగము తిరిగి యా బట్టమీదికే వచ్చి వ్రాలును; బట్ట గంటలతరబడి చెమ్మగానే యుండును; ఆ చెమ్మలో సూక్ష్మజీవులు పెరిగి, ఉతికిన గుడ్డకును ముక్కవాసన తెచ్చిపెట్టును. నైరుతి ఋతుపవనములు సెప్టెంబరు నడుమ రాజస్థానపు పడమటి సీమనుండి మరలనారంభించి, అక్టోబరు నడిమికి సాధారణముగా తెలంగాణమును విడిచిపోవును. అంతట సముద్రపు తేమగాలికి మారుగా ఉత్తరపు నేలలమీది పొడిగాలి వీచును. వేడిమి ఇంచుమించు అంతే యున్నను ఆవిరికి చోటు దొరకినందున, ఉదయము వేసిన బట్ట మధ్యాహ్నభోజనమునాటికి ఫెళఫెళలాడును. పెసలను, కందులను ఎండబోయుటకును ఇదే యదను; గింజలో తేమ తగ్గినకొలది పుచ్చుపురుగు లభివృద్ధిచెందుట దుర్ఘటమగును. వాన ధూళిని కడిగివేసినందున ఆకాశము తెలుపుమరక లేని నీలిమను పొందుటయు ఈ దినములలోనే.

అయితే ఈ మాట తెలుగుదేశమంతకును ఒక్కరీతిగా చెల్లదు. తీరమున నైరుతి వెడలిపోవుచుండగనే ఈశాన్యపు వానలు మొదలగును. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతమున తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెన శరత్తులోనే వచ్చినది. అందుచేతనే మా యత్తగారు కార్తీకము నడిమికి గాని పరుపు లెండవేయరు, మా యమ్మ దసరాకు ముందే వేయును. ఇద్దరును తమతమ యాకాశమును సరిగా నెరిగినవారే.

ఇక పూలు. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమినాటి సద్దుల బతుకమ్మతో ముగియు తొమ్మిదినాళ్లును తెలంగాణపు టిండ్లలో పూలకు మించిన విషయము లేదు. గునుగు, తంగేడు, బంతి, చేమంతి, గుమ్మడి—వీనిని తాంబాళములో వరుసవరుసగా పేర్చి శిఖరమువలె నెత్తుదురు. గునుగుపూల కొనలకు రంగు లద్దుట మా యింట తండ్రీకూతుళ్ల పని. ఈసారి ఆ పని చేయుచునే మా యమ్మాయి, "అమ్మా, ఈ పూలన్నీ బతుకమ్మ వచ్చిందని ఎట్లా తెలుసుకున్నయే?" అని యడిగెను. ఇంతకంటె మంచి ప్రశ్నను వృక్షశాస్త్రజ్ఞుడును అడుగలేడు.

దీనికి రెండు వేర్వేరు సమాధానములున్నవి. గునుగును, గుమ్మడియు వాన పిలుపునకు మొలచినవి: తొలకరికి జొన్నచేలలో, మక్కచేలలో మొలచిన గునుగు ఎదిగి కంకి వేయుటకు పట్టు కాలము సరిగా ఈ మాసమునకు నిండును. చేమంతి మార్గము వేరు. దానికి వాన యెంత కురిసినదియు ముఖ్యము కాదు. రాత్రి యెంత పొడవైనదియు ముఖ్యము. హైదరాబాదులో జూను నెలయందు పగలు 13 గంటలకు కొంచెము పైగా నుండి, డిసెంబరునాటికి 11 గంటల పైచిలుకునకు దిగును. సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతమున రేయింబవళ్లు సమానములగును. ఆపైన రాత్రిదే పైచేయి. ఏడాదిలో రెండుగంటల చిల్లర తేడాను మనము గమనింపకయే గడపుదుము గాని, చేమంతి యాకు దానిని గమనించును.

మొక్కలకు కాలమానము కలదని 1920లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అను నిరువురు ప్రకటించిరి. 'మేరీలాండ్ మామత్' అను పొగాకురకము వేసవి పొడవునను నిలువెత్తున పెరుగుచునే యుండియు పూయకుండెను. వేడిమిని, ఎరువును, నీటిని మార్చిచూచినను ఫలము లేకపోగా, వారు మొక్కలను రోజూ కొన్ని గంటలు చీకటికొట్టులోనికి చేర్చి పగటిని కృత్రిమముగా కురుచచేసిరి. అంతట పొగాకు పూచెను. పదునెనిమిదేండ్ల పిమ్మట, 1938లో, హామ్నర్, బానర్ అనువారు మన చెరువుగట్లమీద కలుపుగా పెరుగు మరులమాతంగి జాతి మొక్కపై ప్రయోగముచేసి ఇంకొక యడుగు ముందుకు వేసిరి. పగటి నడుమ కొంతసేపు చీకటి కల్పించినచో మొక్కకు పట్టలేదు. రాత్రి నడుమ కొద్ది నిమిషములు దీపము చూపినచో మాత్రము పూత ఆగిపోయెను. మొక్క కొలుచునది ఎడతెగని చీకటినే యని దీనివలన స్థిరపడెను. ఆకులలోనుండు ఫైటోక్రోమ్ అను వర్ణద్రవ్యము ఎఱ్ఱకాంతి సోకగనే యొక రూపమును దాల్చి, చీకటిలో మెల్లమెల్లగా పూర్వరూపమునకు మరలును. దీని సాయమున ఆకు చీకటి నిడివి నెరిగి, తగినంత దీర్ఘమైన రాత్రులు వచ్చినప్పుడు మొగ్గతొడుగుమను సందేశమును కొమ్మకొనకు పంపును. చేమంతి సాగుచేయువారు రాత్రులందు తోటలో దీపములు వెలిగించి పూతను తమకు వలసిన వారమునకు జరుపుకొనుటయు ఈ జ్ఞానముచేతనే. మా వసారాలో దీపము క్రిందనున్న కుండీ, పెరటి చీకటిలోనున్న దానికంటె ఆలస్యముగా మొగ్గవేయుట చూపి మా యమ్మాయికి ఈ సంగతి చెప్పితిని. ఆ రాత్రినుండి వసారాదీపము నార్పుట తన బాధ్యతగా నామె స్వీకరించినది.

ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. ముందునాటి రాత్రి గోరింటాకు నూరి పెట్టుకొందురు. ఆ యాకులో లాసోన్ అను ద్రవ్యము కలదు. అది చర్మమునందును గోటియందును ఉండు కెరటిన్ అను మాంసకృత్తుతో రసాయనబంధ మేర్పరచుకొని ఎఱ్ఱబారును. అరచేతి పైపొర సహజముగా రాలిపోవుచు క్రొత్తపొర వచ్చుచుండును గనుక అక్కడి పంట రెండుమూడు వారములలో వెలిసిపోవును. గోటిమీదిది గోరు పెరిగి కత్తిరింపబడుదాక నిలుచును. అంగడిలో నల్లగా పండునని యమ్ము ముద్దలలో పారాఫినైలీన్ డయమీన్ అను జుట్టురంగును కలుపుట కలదు. అది పసిచేతులకు బొబ్బలు తేగలదు. నూరిన యాకు నలుపు పండదు. నల్లనిదేదియు పిల్లల చేతికి పెట్టరాదు.

ఆ సాయంకాలము ఉపవాసమున్న ఆడపడుచులు చంద్రోదయముకొరకు ఎదురుచూతురు. చంద్రుడు ఏనాటికానాడు సగటున 50 నిమిషములు ఆలస్యముగా ఉదయించును. కాని శరత్పూర్ణిమ ప్రాంతమున చంద్రుని మార్గము తూర్పుదిక్చక్రమునకు ఒదిగియుండుటచేత ఈ యాలస్యము తగ్గును. ఇంగ్లండువంటి ఉత్తరదేశములలో అది సగమునకు సగము తగ్గగా, మన యక్షాంశమున పది నిమిషముల మాత్రమే తగ్గును. ఆకలితోనున్న పిల్లకు పది నిమిషములును లెక్కయే.

అమావాస్యకు దీపావళి, మరునాటినుండి కార్తీకమాసమంతయు దీపములే. మూకుడులోని నువ్వులనూనెకు అగ్గిపుల్ల చూపిన అంటుకొనదు. అందులోనే నానిన వత్తి కొనకు చూపిన చక్కగా వెలుగును. ఎందువలన? మండునది ద్రవరూపమున నున్న నూనె కాదు, నూనె యావిరి. వత్తిలోని నూలుపోగుల నడుమ సూక్ష్మమైన సందులగుండ నూనె తనంతట తానే పైకి ప్రాకును. దీనినే కేశనాళికాకర్షణ మందురు. కొనకు చేరిన కొద్దిపాటి నూనెను జ్వాల తన వేడిమిచే ఆవిరిగా మార్చి, ఆ యావిరితో తాను జీవించును. ఆవిరిలోని బొగ్గుకణములు పూర్తిగా కాలకముందు ఎఱ్ఱగాకాగి ప్రకాశించుటయే దీపపు పసిమి. చల్లని గరిటె నడ్డుపెట్టినచో ఆ కణములే మసియై యంటును. మైకేల్ ఫారడే లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకై యిచ్చిన క్రొవ్వొత్తి యుపన్యాసములు 1861లో గ్రంథముగా వెలువడినవి. ఒక్క జ్వాలనుండి రసాయనశాస్త్రమునంతయు విప్పి చూపవచ్చునని ఆ మహనీయుడు నిరూపించెను. మన యిండ్లలో మాసమంతయు వెలుగు జ్వాల యెదుట ఆ పని మరింత సులభముగా చేయవచ్చును.

దీపముచుట్టు మూగు పురుగుల మాటయు చెప్పవలెను. వెలుగును చూచి మోహించి అవి వచ్చునని కవులు వర్ణించిరి. శాస్త్రజ్ఞులు చంద్రునిగా భ్రమించునని యూహించిరి. 2024లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో అతివేగముగా పనిచేయు కెమెరాలతో కీటకముల గమనమును చిత్రించి చూడగా, అవి తమ వీపును వెలుగువైపు త్రిప్పుచు ఎగురుచున్నట్లు కనబడెను. రాత్రివేళను నేలకంటె ఆకాశమే వెలుగుగా నుండును గనుక, వీపు వెలుగువైపున నున్నచో తాము తిన్నగా నున్నట్లు వాని శరీరము గ్రహించును. ప్రక్కన దీపమున్నప్పుడు అదే నియమము వానిని దీపముచుట్టు త్రిప్పి అక్కడ బంధించివేయును.

వత్తులు చేయగా మిగిలిన ప్రత్తి పోగులను, మందుల దుకాణపు దూదిని ఒక్కొక్క నీటిచుక్కతో పరీక్షించిన పిల్లలకు మరియొక వింత తెలియును. పచ్చిప్రత్తి పోగుమీద సహజమైన మైనపు పొర యుండుటచే నీరు జారిపోవును, నూనె మాత్రము పట్టును. దూదినుండి యా మైనమును తొలగించినందున అది నీటిని పీల్చును. ఈ దూదితో చేయదగిన ప్రయోగమొకటి కార్తీకపు రాత్రులకే తగియున్నది.

"మంచు పడుచున్నది, పిల్లవానికి టోపీ పెట్టు" అని పెద్దలు చెప్పుచుందురు. మంచు పైనుండి పడదని 1814లో లండను వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ తన గ్రంథమున నిరూపించెను. మేఘములు లేని రాత్రి, నేలయు గడ్డియు తమ వేడిమిని ఆకాశమునకు విడిచి, చుట్టుప్రక్కల గాలికంటెను చల్లబడును. వానిని తాకిన గాలి తాను మోయగలిగినంత యావిరినే యుంచుకొని, మిగిలినదానిని బిందువులుగా అచ్చటనే దింపివేయును. పైన చెప్పిన 30 గ్రాముల, 17 గ్రాముల లెక్క మరల ఇక్కడ పనికివచ్చును. వెల్స్ పది గ్రెయినుల, అనగా సుమారు 0.65 గ్రాముల, ఉన్నితునకలను రాత్రులందు బయట నుంచి తెల్లవారుజామున తూచెను. పలకమీద ఆకాశము కనబడునట్లుంచిన దానికంటె పలకక్రింద నుంచినది చాల తక్కువ తేమను పొందెను. శిరస్సును కప్పుమను పెద్దల మాట యిందువలన చెడదు. కప్పులేని శిరస్సు ఆకాశమునకు వేడిమిని కోల్పోవుట నిజమే.

ఉన్నికి మారుగా దూది చాలును. సమానమైన తూకముగల రెండు ముద్దలను తీసికొని, ఒకటి మేడమీద పీటపైన, రెండవది అదే పీట క్రింద నుంచి, సూర్యోదయమునకు ముందే తూచవలెను. దూది స్వభావముచే గాలితేమను కొంత పీల్చును గనుక రెండింటిని పోల్చియే నిర్ణయము చేయవలెను. గాలి బలముగా వీచు రాత్రియు, మబ్బుపట్టిన రాత్రియు ఈ ప్రయోగమునకు పనికిరావు: మబ్బు నేల విడిచిన వేడిమిని తిరిగి నేలకే పంపును. తుపాను సూచన లేని, చుక్కలు దట్టముగా కనబడు రాత్రిని ఎన్నుకొనుడు. నగరము నడుమకంటె ఊరివెలుపల తేడా స్పష్టముగా తేలును.