తల వంచి, ముక్కు పట్టండి

మే నెల ఎండలో మాడుగుల వీధుల్లో ఆడుకుంటున్న పిల్లాడి చొక్కా మీద ఉన్నట్టుండి ఎర్రటి చుక్కలు పడతాయి. ఒకరు తల పైకెత్తమంటారు. ఇంకొకరు నెత్తిన చెంబుడు నీళ్లు గుమ్మరిస్తారు. ‘వేడి చేసిందే’ అని నాయనమ్మ తేల్చేస్తుంది.

ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. వడగాలికైనా, పాడేరు కొండల వైపు చలికాలపు పొడిగాలికైనా ముక్కు లోపలి పొర ఎండి పొక్కు కడుతుంది. పిల్లలు దాన్ని గిల్లుతారు. జలుబు, ఎలర్జీ ఉంటే మరీ తేలిగ్గా చిట్లుతుంది. రెండు రంధ్రాల మధ్య గోడకు ముందు భాగంలో, పల్చటి పొర కింద సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. అమెరికా వైద్యుడు జేమ్స్ లిటిల్ 1879లో వర్ణించిన చోటు అది. ముక్కు నుంచి కారే రక్తంలో సుమారు 90 శాతం అక్కడిదే. వేలికి అందే చోటు కాబట్టే గిల్లితే చిట్లుతుంది, బయటినుంచి నొక్కితే ఆగుతుంది.

తల వెనక్కి వంచడం మాత్రం మానుకోవాలి. అలా చేస్తే రక్తం గొంతులోకి జారుతుంది, పిల్లాడు మింగి వాంతి చేసుకుంటాడు, ఇంటిల్లిపాదీ హడలిపోతారు. కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ఎముక కింద మెత్తగా ఉండే భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టాలి. నోటితో గాలి పీల్చమనాలి. గడియారం చూసుకుని పది నిమిషాలు. ఆగిందో లేదోనని మధ్యలో వదిలి చూస్తే గడ్డకట్టేది కాస్తా ఊడిపోతుంది. ఆగకపోతే ఇంకో పది నిమిషాలు. అప్పటికీ కారుతుంటే 108కి ఫోన్ చేయాల్సిందే.

ఒక్క రంధ్రం నుంచే చెడువాసనతో చీమిడి, రక్తం వస్తుంటే లోపల చింతపిక్కో, పలకపుల్ల ముక్కో ఇరుక్కుందేమో అనుమానించాలి. బొమ్మలోని బిళ్ల బ్యాటరీ అయితే గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది, క్షణం ఆలస్యం చేయకూడదు. జ్వరంతో పాటు రక్తం వస్తే డెంగీ పరీక్ష అవసరం. రెండేళ్లలోపు పిల్లలకు వస్తే, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే, ఇంట్లో ఇంకెవరికైనా రక్తం త్వరగా ఆగని తత్వం ఉంటే డాక్టరు చూడాలి. 1924లో ముక్కు, పెదవుల నుంచి తరచూ రక్తం కారే ఐదేళ్ల పాపను పరీక్షించాకే ఫిన్లాండ్ వైద్యుడు వాన్ విల్లెబ్రాండ్, తన పేరుతో నిలిచిన వంశపారంపర్య జబ్బును గుర్తించాడు.

మాటిమాటికీ ముక్కు నుంచి రక్తం వచ్చే పిల్లలకు మొదట యాంటీసెప్టిక్ క్రీమ్ రాస్తారు. తగ్గకపోతే విశాఖలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి లాంటి చోట చిట్లే నాళాన్ని సిల్వర్ నైట్రేట్‌తో కాల్చి మూసేస్తారు. ఇంట్లో చేయగలిగింది చిన్నదే: గోళ్లు కత్తిరించడం, పడుకునే ముందు ముక్కు లోపలి అంచుకు కాస్త వాజిలిన్ రాయడం.