మైదానంలో అందరికీ చోటు: ఎల్‌జీబీటీ క్రీడా సంస్థలు, వాటి ఉత్సవాలు

బళ్లారి జిల్లాలో క్రీడల ప్రస్తావన వస్తే నేడు ముందుగా గుర్తుకు వచ్చేది తోరణగల్లు. ఉక్కు కర్మాగారం సమీపాన 2018లో ప్రారంభమైన ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో ఒలింపిక్ స్థాయి క్రీడాకారులు శిక్షణ పొందుతున్నారు. ఆ స్థాయికి చేరగలిగేవారు వేళ్లమీద లెక్కించదగినంత మందే. తక్కినవారికి ఆట అంటే సాయంకాలం వీధి చివరి ఖాళీ స్థలంలో కబడ్డీ, జీన్స్ కుట్టే పనికి సెలవు దొరికిన ఆదివారం టెన్నిస్ బంతితో క్రికెట్. ఆ చిన్న మైదానంలో అడుగుపెట్టడానికి కూడా జంకేవారు కొందరున్నారు. నడకలోనో మాటతీరులోనో తోటి మగపిల్లలకు భిన్నంగా కనిపించినందుకు గేలికి గురై, ఏడెనిమిదో తరగతికల్లా ఆట మానేసిన పిల్లవాడు ఏ బడిలో వెదికినా కనిపిస్తాడు. మగరాయుడని పేరుపడి మైదానానికి దూరమైన బాలికలూ ఉన్నారు. ఇటువంటివారి కోసం ప్రపంచంలో కొన్ని క్రీడా సంస్థలు పుట్టాయి. అవి ఎందుకు పుట్టాయో, ఎలా నడుస్తున్నాయో, మన ప్రాంతానికి వాటితో ఏమి సంబంధమో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందు మాటల సంగతి. స్త్రీని ప్రేమించే స్త్రీలు, పురుషుణ్ణి ప్రేమించే పురుషులు, ఇరువురి పట్లా అనురాగం కలిగేవారు, పుట్టినప్పుడు నమోదైన లింగానికి భిన్నంగా తమను తాము ఎరిగిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, ఈ నలుగురినీ కలిపి ఎల్‌జీబీటీ అనే పొడి అక్షరాలతో సూచిస్తున్నారు. కర్ణాటక ప్రభుత్వ పత్రాలలో ‘లింగత్వ అల్పసంఖ్యాతరు’ అన్న కన్నడ పదం కనిపిస్తుంది. తెలుగులో దానికి సరితూగే ఒక్క పదం ఇంకా స్థిరపడలేదు. వాడుకలో ఉన్న పాత పదాలలో చాలా భాగం తిట్లే. భాషలో మర్యాదగల మాట లేకపోవడం చిన్న లోపం కాదు. పిలవడానికి తిట్టు తప్ప మరో మాట లేనివారిని ఆటకు పిలవడం ఎలా?

అయినా బళ్లారివారికి ఈ మనుషులు కొత్తవారు కారు. 1953లో రాష్ట్రాల సరిహద్దు మారినా భక్తుల దారులు మారలేదు. తుంగభద్ర ఒడ్డున కొప్పళ జిల్లాలోని హులిగెమ్మ జాతరకు తెలుగు జిల్లాల నుంచి ఇప్పటికీ జనం తరలివెళతారు. ఎల్లమ్మకు, హులిగెమ్మకు తమను అర్పించుకుని చీర కట్టి, తలపై దేవతను మోసే జోగప్పలను, జోగతులను వారు చేతులెత్తి మొక్కుతారు. అదే మనిషి మరునాడు అద్దె ఇల్లు అడిగితే మాత్రం తలుపు మూసుకుంటుంది. బళ్లారి జిల్లా కల్లుకంబ గ్రామంలో పుట్టిన మంజమ్మ జోగతి జీవితంలో ఈ రెండు పార్శ్వాలూ ఉన్నాయి. యౌవనంలో ఇంటి ఆదరణ కోల్పోయిన ఆమె జోగతి నృత్యాన్ని నేర్చి, దానిని జాతర వీథి నుంచి రంగస్థలం మీదికి తెచ్చారు. 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఆమే. 2021 నవంబరులో రాష్ట్రపతి చేతులమీదుగా పద్మశ్రీ స్వీకరిస్తూ, ముందుగా తన చీర చెంగుతో ఆయనకు దిష్టి తీశారు. ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. కళలో దొరికిన ఈ చోటు ఆటలో దొరకడానికి ప్రపంచమంతటా మరింత కాలం పట్టింది, మరింత పెనుగులాట జరిగింది.

ఆ పెనుగులాటకు మూలపురుషుడు టామ్ వాడెల్ అనే అమెరికన్ వైద్యుడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డెకాథ్లాన్‌లో ఆరవ స్థానం పొందినవాడు. పరుగు, దూకుడు, విసురు కలిసిన పది అంశాల పోటీ అది. స్వలింగ ప్రేమికులు ఆటలకు పనికిరారన్న అపోహను, వారు లోకానికి దూరంగా తమలో తామే బతుకుతారన్న అపోహను ఒకే దెబ్బతో తొలగించాలని ఆయన సంకల్పించాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో మిత్రులతో కలిసి ‘గే ఒలింపిక్ గేమ్స్’ పేరుతో 1982లో ఒక క్రీడోత్సవానికి సన్నాహం చేశాడు. ప్రారంభానికి మూడు వారాలైనా లేని సమయంలో అమెరికా ఒలింపిక్ కమిటీ న్యాయస్థానం నుంచి నిషేధపు ఉత్తర్వు తెచ్చింది. ‘ఒలింపిక్’ అన్న మాటపై తమకే హక్కు ఉందని దాని వాదన. శారీరక, మానసిక వైకల్యం ఉన్నవారి క్రీడలకు ఆ మాట వాడుకునే అనుమతి ఉండగా, వీరికి మాత్రం దక్కలేదు. ముద్రించిన సామగ్రి అంతటి నుంచి ఒక్క మాట తీసివేయవలసి వచ్చింది. మిగిలిన పేరే నేటికీ నిలిచిన ‘గే గేమ్స్’.

ఆ ఏడాది ఆగస్టు 28న కెజార్ స్టేడియంలో ఉత్సవం మొదలైంది. సుమారు 1,350 మంది పాల్గొన్నారు. పేరు వివాదం అంతటితో ముగియలేదు. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1987 జూన్ 25న ఒలింపిక్ కమిటీకి అనుకూలంగా తీర్పు వెలువడింది. న్యాయవాదుల ఖర్చు రాబట్టుకోవడానికి ఆ కమిటీ వాడెల్ ఇంటిపై హక్కు నమోదు చేయించింది. అప్పటికి ఆయన ఎయిడ్స్‌తో మంచాన ఉన్నాడు. తీర్పు వచ్చిన పదహారు రోజులకే, జూలై 11న, కన్నుమూశాడు. అంతకు ముందు ఏడాది, వ్యాధి సోకిన దేహంతోనే రెండవ గే గేమ్స్‌లో ఈటె విసిరి స్వర్ణ పతకం పొందాడు.

గే గేమ్స్ నియమాలు తక్కిన అంతర్జాతీయ పోటీల నియమాల వంటివి కావు. అర్హతకు కనీస సమయమో, కనీస దూరమో ఉండదు. దేశం పంపితే వెళ్లే పద్ధతీ లేదు, ఎవరికి వారే పేరు నమోదు చేసుకోవాలి. చాలా పోటీలను వయస్సును, నైపుణ్యాన్ని బట్టి విడదీస్తారు. అందువల్ల అరవై ఏళ్లవారు తమ వయస్సువారితోనే ఈదుతారు. స్వలింగ ప్రేమికులు కానివారికీ ప్రవేశం ఉంది, ఎవరు ఎవరన్నది ఎవరూ అడగరు. పాల్గొనడం, అందరినీ కలుపుకొనడం, ఎవరి శక్తిలో వారు ఉత్తమంగా రాణించడం, ఈ మూడూ ఆ ఉత్సవానికి మూలసూత్రాలు. క్రీడలతో పాటు గాయక బృందాలు, వాద్య బృందాలు కూడా వస్తాయి. మన జాతరలలో రథోత్సవానికీ, బండ లాగుడు పోటీలకూ మధ్య గీత గీయలేము కదా, ఇదీ కొంత అటువంటిదే.

1994లో న్యూయార్క్‌లో జరిగిన ఉత్సవానికి పదివేలకు పైగా క్రీడాకారులు వచ్చారు. హెచ్.ఐ.వి. సోకిన విదేశీయులను అమెరికా తన గడ్డపై అడుగుపెట్టనివ్వని రోజులవి. ఆ క్రీడల కోసం ప్రభుత్వం ఆ ఆంక్షను తాత్కాలికంగా సడలించింది. ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచిన డైవింగ్ క్రీడాకారుడు గ్రెగ్ లుగానిస్ తాను స్వలింగ ప్రేమికుడినని లోకానికి తెలియజేసింది ఆ వేదిక నుంచే. ఆ తరువాత ఆమ్‌స్టర్‌డామ్, సిడ్నీ, షికాగో, కొలోన్, క్లీవ్‌లాండ్, పారిస్ నగరాలు వరుసగా ఆతిథ్యమిచ్చాయి. కోవిడ్ కారణంగా వాయిదా పడిన 2022 క్రీడలు 2023 నవంబరులో రెండు చోట్ల, హాంకాంగ్‌లోనూ మెక్సికోలోని గ్వాడలహారాలోనూ, జరిగాయి. ఆసియాలో గే గేమ్స్ జరగడం అదే మొదటిసారి. 2026 జూన్ 27 నుంచి జూలై 4 వరకు జరిగే క్రీడలను స్పెయిన్‌లోని వలెన్సియాకు కేటాయించారు.

ఈ చరిత్ర అంతా సాఫీగా సాగలేదు. 2006 క్రీడల నిర్వహణ విషయంలో సమాఖ్యకూ మాంట్రియల్ నగర నిర్వాహకులకూ పొత్తు కుదరక, మాంట్రియల్ వారు ‘అవుట్‌గేమ్స్’ పేరుతో వేరు కుంపటి పెట్టారు. అది అప్పులలో కూరుకుపోయింది. 2017లో మయామీలో తలపెట్టిన అవుట్‌గేమ్స్ చివరి నిమిషంలో రద్దుకాగా, అప్పటికే టిక్కెట్లు కొనుక్కుని చేరుకున్న క్రీడాకారులు నిశ్చేష్టులయ్యారు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన లెక్కలు కుదురుతాయన్న నమ్మకం లేదు.

పెద్ద ఉత్సవాల కంటె చిన్న సంఘాలే నిత్యజీవితానికి దగ్గరివి. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన ‘ఫ్రంట్‌రన్నర్స్’ అనే పరుగు సంఘానికి ఇప్పుడు అనేక దేశాలలో శాఖలున్నాయి. పరిగెత్తడం, ఆపైన కలిసి కూర్చుని తినడం, వారి కార్యక్రమం ఇంతే. యూరప్‌లో 1992లో హేగ్ నగరంలో ‘యూరోగేమ్స్’ ఆరంభమయ్యాయి. లండన్‌లో 1996లో ఏర్పడిన గ్రేసెస్ క్రికెట్ క్లబ్ ఆ ఆటలో ఇటువంటి తొలి సంఘం. దాని పేరు గడ్డపు దిగ్గజం డబ్ల్యు.జి. గ్రేస్‌ను తలపిస్తుంది. రగ్బీలో జరిగే ‘బింగ్‌హమ్ కప్’ వెనుక ఒక త్యాగం ఉంది. 2001 సెప్టెంబరు 11న దుండగులు వశపరచుకున్న విమానాలలో ఒకదానిలో వారిని ప్రతిఘటించిన ప్రయాణికులలో మార్క్ బింగ్‌హమ్ ఒకడని చెబుతారు. అతడు స్వలింగ ప్రేమికుడు, రగ్బీ ఆటగాడు. మరుసటి ఏడాది నుంచే అతని పేరిట పోటీలు జరుగుతున్నాయి.

తెలుగువారికి అతి చేరువైన ఉదాహరణ ద్యుతీ చంద్. ఆమె ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లాకు చెందిన నేత కుటుంబపు బిడ్డ. 2014లో, గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు కొద్ది రోజుల ముందు, దేహంలో సహజంగా ఉన్న టెస్టోస్టిరోన్ హార్మోను మోతాదు ఎక్కువన్న కారణంగా ఆమెను జట్టు నుంచి తప్పించారు. ఆమె మందు వాడలేదు, మోసం చేయలేదు. పుట్టిన దేహమే నేరమైంది. జాతీయ శిబిరం తలుపులు మూసుకున్నప్పుడు హైదరాబాదులో పుల్లెల గోపీచంద్ తన బ్యాడ్మింటన్ అకాడమీలో ఆమెకు ఆశ్రయమిచ్చారు. తెలుగువాడైన నాగపురి రమేశ్ ఆమెకు శిక్షణ ఇచ్చారు. స్విట్జర్లాండ్‌లోని క్రీడా వివాదాల న్యాయస్థానం 2015 జూలైలో ఆ నియమాన్ని నిలిపివేసింది. ఆమె తిరిగి ట్రాక్ ఎక్కి, 2018 ఆసియా క్రీడలలో 100 మీటర్లు, 200 మీటర్ల పరుగులు రెండింటిలోనూ రజతం సాధించారు.

2019 మే నెలలో తాను ఒక యువతిని ప్రేమిస్తున్నట్టు ద్యుతీ బహిరంగంగా తెలిపారు. స్వలింగ సంబంధాన్ని అంతర్జాతీయ స్థాయి భారత క్రీడాకారులలో అంత బాహాటంగా ప్రకటించినవారు అంతకు ముందు లేరు. సొంత ఇంటివారే అభ్యంతరం తెలిపారు. ఆ తరువాత రెండు నెలలకే ఇటలీలోని నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 100 మీటర్ల స్వర్ణం గెలుచుకున్నారు. 2022లో బర్మింగ్‌హమ్ కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో బ్రిటన్ డైవర్ టామ్ డేలీతో పాటు ఇంద్రధనుస్సు రంగుల పతాకం పట్టి నడిచారు. 2023లో నిషిద్ధ ఔషధాల పరీక్షలో విఫలమై నాలుగేళ్ల నిషేధానికి గురైన మాట కూడా నిజం. అది వేరే నియమానికి సంబంధించిన విషయం, మునుపటి అన్యాయాన్ని అది సమర్థించదు.

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాకు చెందిన శాంతి సౌందరరాజన్‌కు అటువంటి అండ దొరకలేదు. 2006 దోహా ఆసియా క్రీడలలో 800 మీటర్ల పరుగులో ఆమె గెలిచిన రజతాన్ని లింగ పరీక్ష పేరిట వెనక్కి తీసుకున్నారు. ఆ పతకం ఆమెకు తిరిగి రాలేదు.

ఉన్నత స్థాయి పోటీలలో ట్రాన్స్‌జెండర్ మహిళల ప్రవేశంపై వాదం ఇంకా సాగుతోంది. పురుష యౌవన దశ దాటినవారిని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2023 మార్చిలోనూ, అంతర్జాతీయ క్రికెట్ మండలి అదే ఏడాది నవంబరులోనూ మహిళల అంతర్జాతీయ పోటీల నుంచి మినహాయించాయి. పోటీ సమానంగా ఉండాలన్న మహిళా క్రీడాకారుల ఆందోళనను తేలికగా తీసిపుచ్చలేము. కాని ఆ వాదం పతకాలకూ రికార్డులకూ సంబంధించినది. వీధి మైదానంలో వాలీబాల్ ఆడే మనిషిని వెళ్లగొట్టడానికి దానిని సాకుగా చూపేవారు రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపివేస్తున్నారు.

మన దేశంలోనూ దారులు తెరుచుకుంటున్నాయి. కేరళ రాష్ట్ర క్రీడా మండలి 2017 ఏప్రిల్‌లో తిరువనంతపురంలో ట్రాన్స్‌జెండర్ క్రీడాకారులకు రాష్ట్రస్థాయి పోటీలు నిర్వహించింది. మణిపుర్‌లోని ఇంఫాల్‌లో ‘యా ఆల్’ అనే యువజన సంస్థ ట్రాన్స్‌జెండర్ ఫుట్‌బాల్ జట్టును కూర్చింది. ఒకటి ప్రభుత్వం చేసిన పని, మరొకటి నలుగురు యువకులు పూనుకుని చేసిన పని.

చట్టం విషయం క్లుప్తంగా. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకునే హక్కు ఉందని ప్రకటించింది. 2018 సెప్టెంబరు 6న పరస్పర సమ్మతి గల వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. నిజాం కాలంలో 1919లో హిజ్రాలను నేరస్థులుగా చూస్తూ చేసిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసింది. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాలలో ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు ఒక శాతం కేటాయించి దేశంలో తొలి రాష్ట్రంగా నిలిచింది.

పార్లమెంటు 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, ప్రజలందరి ఉపయోగానికి ఉద్దేశించిన సదుపాయాలను ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు నిరాకరించరాదని చెప్పింది. బహిరంగ స్థలంలోకి రానివ్వకుండా అడ్డగించడాన్ని శిక్షార్హమైన నేరంగా పేర్కొంది. ప్రజలందరికీ తెరిచి ఉంచిన మైదానం, ఉద్యానం, వ్యాయామశాల ఈ కోవలోకే వస్తాయి.

అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి బతుకుతెరువుకు బళ్లారి వచ్చి స్థిరపడినవారు ఒక సంగతి గమనించాలి. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి దరఖాస్తు జిల్లాధికారికి, అంటే వాడుకలో డీసీ ఆఫీసు అనే చోటికి, చేరుతుంది. జాతీయ పోర్టల్ ద్వారా ఇంటి నుంచే పంపవచ్చు. 2020 నియమావళి ప్రకారం దరఖాస్తుదారు ఆ జిల్లాలో పన్నెండు నెలలుగా ఎడతెగకుండా నివసిస్తూ ఉండాలి. పుట్టిన ఊరు ఆంధ్రలో ఉన్నా ఇది అడ్డు కాదు. ఇల్లు మారినప్పుడల్లా అద్దె పత్రమో, కరెంటు బిల్లో, పని ఇచ్చినవారి చీటీయో దాచి ఉంచుకుంటే ఆ పన్నెండు నెలల నివాసాన్ని రుజువు చేసుకోవడం సులువవుతుంది. మైదానంలో ఆడుకోవడానికి మాత్రం ఈ పత్రం అవసరం లేదు.