పొలం కింద పెట్రోలు

పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ కిందటి మాట. కర్ణాటకలో ఒక గ్రామీణ శాఖకు నేను మేనేజరుగా ఉన్నాను. ఒకరోజు ఒక రైతు బావి తవ్వకానికి అప్పు అడుగుతూ వచ్చాడు. మనవాళ్ళే. మూడు తరాల కిందట అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. పహణి సరిగ్గా ఉంది, ఈసీలో ఏ చిక్కూ లేదు, పాత బాకీలు లేవు. నేను అరవై వేలకు మంజూరు కాగితం రాసి సంతకం కూడా పెట్టేశాను. పొలం చూసిరావలసిన బాధ్యత నాది. ఎండ మండిపోతోంది, ఆ వారం పని ఎక్కువగా ఉంది, నేను వెళ్ళలేదు.

మా వ్యవసాయ అధికారి కుర్రవాడు తనంతట తానే మోటారు సైకిలు మీద వెళ్ళి వచ్చాడు. "సార్, ఆయన బావికి ముగ్గు పోసిన చోటుకు ఆరడుగుల దూరంలో పసుపు రంగు రాయి ఉంది. దాని మీద పుర్రె బొమ్మ వేసి ఉంది" అన్నాడు. ఆ పొలం అడుగున పెట్రోలు, డీజిలు పోయే పైపులైను ఉంది. మర్నాడు రైతును పిలిచి అడిగితే, "పైరు వేసుకోవచ్చని చెప్పారు సార్. బావి సంగతి నేనూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు" అన్నాడు. ఆయనకు ఇచ్చిన నోటీసులో ఆ మాట ఉండే ఉంటుంది. చదివి చెప్పిన మనిషి మాత్రం లేడు.

నేను కామర్సు పట్టభద్రుణ్ణి. గొట్టాల సంగతి నాకేం తెలుసు? కానీ ఆ సంతకం చాలాకాలం నన్ను వెంటాడింది. గడ్డపార దిగి ఉంటే? ఆ తరవాత ఈ విషయం మీద కంటపడిన కాగితమల్లా చదువుతూ వచ్చాను. కొన్నేళ్ళకు మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో సియాటిల్ దగ్గర స్థిరపడ్డారు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, అందరూ కొండలూ సరస్సులూ చూద్దామంటే, నేను మాత్రం ఉత్తరాన దాదాపు తొంభై మైళ్ళ దూరంలో ఉన్న బెల్లింగ్‌హాం అనే ఊరికి తీసుకువెళ్ళమన్నాను. అక్కడ ఊరి మధ్యనుంచి వాట్కం క్రీక్ అని ఒక వాగు పారుతుంది. చుట్టూ పార్కు. పెద్ద పెద్ద చెట్లు, చిన్న జలపాతం, పిల్లల కేకలు. ఏమీ జరగని చోటులాగే ఉంది.

1999 జూన్ 10 మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో అక్కడ భూమిలో ఉన్న పదహారు అంగుళాల పైపు పగిలింది. అందులో పోతున్నది పెట్రోలు. గంటన్నర సేపట్లో 2,37,000 గ్యాలన్లు, అంటే మన లెక్కలో దాదాపు తొమ్మిది లక్షల లీటర్లు, వాగులోకి పారింది. పన్నెండు వేల లీటర్ల ట్యాంకరు లారీలు డెబ్భై అయిదు తెచ్చి వాగులో కుమ్మరిస్తే ఎంతో, అంత. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, పల్లం పట్టుకుని పాకుతుంది. వాగు పల్లమే కదా. చేపలు పట్టుకుంటున్న పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు ఆ ఆవిరికి స్పృహ తప్పి నీళ్ళలో పడి చనిపోయాడు. దిగువన ఇద్దరు పదేళ్ళ పిల్లలు లైటరుతో ఆడుకుంటున్నారు. అయిదు గంటల రెండు నిమిషాలకు వాగు వాగంతా అంటుకుంది. మైలున్నర పొడుగున మంటలు. పిల్లలిద్దరూ మర్నాడు ఆసుపత్రిలో పోయారు. ఆ ఆవిరి అక్కడ అంటుకోకుండా ఇంకా దిగువకు, ఊరి నడిబొడ్డుకు చేరి ఉంటే ఎన్ని వందలమంది పోయేవారో అని ఊరివాళ్ళు నేటికీ అనుకుంటారు. ఆ తల్లిదండ్రులకు అది ఓదార్పు అవుతుందా, నాకు తెలియదు.

తప్పు ఎక్కడ జరిగిందో అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి మూడేళ్ళు పైగా విచారించి 2002లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక చదివితే బ్యాంకు ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చదివినట్టే ఉంటుంది. ఒక్క పెద్ద తప్పు కనిపించదు. వరసగా చిన్న చిన్న అలసత్వాలే.

1994లో పక్కనే మంచినీళ్ళ శుద్ధి కేంద్రం పనులు జరిగాయి. తవ్వే యంత్రం పైపును గీరింది. ఎవరూ పట్టించుకోలేదు. కంపెనీ తన పైపు పక్కన తవ్వకం జరుగుతుంటే సరిగ్గా కాపలా కాయలేదు. 1996లోనూ, 1997లోనూ పైపు లోపల పరీక్ష పరికరాన్ని నడిపారు. దీన్ని ఆ వృత్తిలోవాళ్ళు 'పిగ్' అంటారు, అంటే పంది. పైపులో పోతూ కీచుమని అరిచేదట, అందుకే ఆ పేరు అని ఒక కథ. ఆ పంది ఆ చోట లోపం ఉందని చూపించింది. తవ్వి చూద్దామనుకున్నారు, చూడలేదు. దిగువ టెర్మినల్లో ఒత్తిడి పెరిగితే తెరుచుకోవలసిన కవాటం సరిగ్గా అమర్చలేదు. దానివల్ల మరొక కవాటం పదేపదే తనంతట తాను మూసుకుపోతూ ఉండేది. ఎందుకని అడిగినవాడు లేడు. చివరికి ఆ రోజున, పైపు నడుస్తూ ఉండగానే కంట్రోల్ రూములో కంప్యూటరు రికార్డుల్లో మార్పులు చేశారు. తెర స్తంభించింది. ఒత్తిడి పెరిగింది. అయిదేళ్ళ కిందటి గీత దగ్గర పైపు విచ్చుకుంది. అంతకంటే ఘోరం, విచ్చుకున్న సంగతి గ్రహించకుండా నాలుగుంపావు ప్రాంతంలో పంపులు మళ్ళీ మొదలుపెట్టారు.

చట్టం లేక ఇదంతా జరిగిందా అంటే, చట్టం ఉంది. ప్రమాదకర ద్రవాల పైపులైన్ల భద్రతా చట్టం అమెరికాలో 1979లోనే వచ్చింది. దాన్ని అమలు చేయడానికి రవాణా శాఖలో పైప్‌లైన్ భద్రతా కార్యాలయం ఉంది. కానీ దేశమంతటా పరుచుకున్న లక్షల మైళ్ళ గొట్టాలకు వాళ్ళ దగ్గర ఉన్న తనిఖీదారులు గుప్పెడు మంది. పైపు లోపల ఇన్నేళ్ళకోసారి పరీక్ష చేయించి తీరాలనే నియమమే అప్పటికి లేదు. భద్రతా మండలి చాలా ఏళ్ళుగా మొత్తుకుంటూనే ఉంది. అయితే ఆ మండలికి సిఫారసు చేసే అధికారమే కానీ, జరిమానా వేసే అధికారం లేదు. మా బ్యాంకుల్లో లోపలి ఆడిటరులాంటిదన్నమాట. రాసి వెళ్ళిపోతాడు. ఫైలులో పెట్టుకుంటాం.

బెల్లింగ్‌హాం తరవాత కదలిక వచ్చింది. 2000 డిసెంబరులో కొత్త నియమం చేశారు. జనం ఎక్కువగా ఉన్న చోట్ల, మంచినీటి వనరుల దగ్గర పోయే పైపును అయిదేళ్ళకోసారి పరీక్షించాలి. దొరికిన లోపాలను మూడు తరగతులుగా విడదీయాలి: వెంటనే బాగుచేసేవి, అరవై రోజుల్లో చేసేవి, నూటఎనభై రోజుల్లో చేసేవి. మొండి బాకీలను మేము తరగతులుగా విడదీసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఇదీ అదే ఆలోచన. ఇంతకుముందు 'చూశాం, చేస్తాం' అంటే సరిపోయేది. ఇప్పుడు తేదీ వచ్చింది. తేదీ ఉంటేనే కదా అది దాటిందని అధికారి నోటీసు ఇవ్వగలిగేది!

2002 డిసెంబరులో మరో చట్టం వచ్చింది. ఒక్కొక్క ఉల్లంఘనకు రోజుకు ఇరవై అయిదు వేల డాలర్లుగా ఉన్న జరిమానా హద్దును లక్షకు పెంచింది. నేర విచారణ కూడా జరిగింది. కంపెనీ 1979 చట్టం కింద నేరం ఒప్పుకుంది. కొందరు ఉద్యోగులకు జైలుశిక్షలు పడ్డాయి. రెండు కంపెనీల మీద జరిమానాలు, చేయవలసిన భద్రతా పనులు అన్నీ కలిపి 2003లో తేలిన మొత్తం పదకొండు కోట్ల ఇరవై లక్షల డాలర్లు. అందులోంచి నలభై లక్షలు విడదీసి, పైపులైన్ల మీద జనం పక్షాన నిఘా పెట్టే ఒక ట్రస్టును ఆ ఊళ్ళోనే స్థాపించారు. బిడ్డల్ని పోగొట్టుకున్న కుటుంబాలు పట్టుబట్టి సాధించినది అది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

సరే, ఇంత జరిగాక అంతా బాగుపడిందా? 2010 జూలై 25 సాయంత్రం మిషిగన్ రాష్ట్రంలో మార్షల్ అనే ఊరి దగ్గర ముప్ఫై అంగుళాల ముడిచమురు పైపు పగిలింది. కెనడాలో ఉన్న కంట్రోల్ రూములో గంటలు మోగుతూనే ఉన్నాయి. గొట్టంలో గాలిబుడగ చేరిందనుకుని రెండుసార్లు పంపులు నడిపారు. బయటికి పోయిన నూనెలో నూటికి ఎనభై పాళ్ళు ఈ రెండుసార్లూ నడిపినప్పుడు పోయినదే. పదిహేడు గంటల తరవాత, సంబంధం లేని స్థానిక గ్యాసు కంపెనీ మనిషి ఫోను చేసి చెబితే ఆపారు. ఎనిమిది లక్షల నలభై వేల పైచిలుకు గ్యాలన్ల నూనె కలమజూ నదిలో కలిసింది. ఆ చోట పైపులో లోపాలున్నట్టు 2005 పరీక్షలోనే తేలింది. మరి 2000 నియమం ఏమైంది? పగులు ఎంత లోతుంటే బాగుచేయాలో లెక్క కట్టే పని కంపెనీకే వదిలారు. ఆ లెక్క కట్టిన తీరు మీద పైవాళ్ళు ప్రశ్న వేయలేదు. అప్పు తీసుకున్నవాడే తన బాకీ ఏ తరగతిలోదో తేల్చుకున్నట్టు.

2012లో ప్రభుత్వం వేసిన జరిమానా ముప్ఫై ఏడు లక్షల డాలర్లు. అప్పటికి అదే రికార్డు. నదిని శుభ్రం చేయడానికి అయిన ఖర్చు నూట ఇరవై కోట్ల డాలర్ల పైమాట. అంటే వంద రూపాయల ఖర్చు మీద ముప్ఫై పైసల జరిమానా. మా శాఖలో కిస్తీ ఆలస్యమైతే వేసే పీనల్ వడ్డీ ఇంతకంటే గట్టిది. అసలు దెబ్బ తరవాత 2016లో పడింది. నీటి కాలుష్య చట్టాల కింద కోర్టు ద్వారా కుదిరిన ఒప్పందం పదిహేడు కోట్ల డెబ్భై లక్షల డాలర్లది. పైపులైన్ల చట్టం చేయలేని పని నీళ్ళ చట్టం చేసిందన్నమాట.

అక్కడి పద్ధతిలో ఒకటి మాత్రం మెచ్చుకోక తప్పదు. 2006 చట్టం వల్ల ఏ కంపెనీకి ఏ నోటీసు ఇచ్చారో, ఎంత జరిమానా ప్రతిపాదించారో, చివరికి ఎంత ఖాయమైందో నెలనెలా బయటపెట్టాలి. ఎవరైనా చదువుకోవచ్చు.

ఇక మన సంగతి. మనకు 1962 నాటి చట్టం ఉంది, పెట్రోలియం పైపులైన్ల కోసం భూమిలో వినియోగ హక్కు తీసుకునే చట్టం. భూమి రైతుదే. అడుగున గొట్టం వేసే హక్కు మాత్రం ప్రభుత్వం తీసుకుని కంపెనీకి ఇస్తుంది. నష్టపరిహారం ఆ పట్టీ మార్కెట్ విలువలో పదో వంతు. పైరు నష్టం వేరు. ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. అంటే మా రైతుకు పదో వంతు ఇచ్చి బావినీ, కొబ్బరిచెట్టునూ శాశ్వతంగా తీసేసుకున్నారు. భద్రతకు అది అవసరమే, కాదనను. పదో వంతే ఎందుకో మాత్రం నాకు ఇంతవరకు అర్థం కాలేదు.

భద్రతా ప్రమాణాలు రాసి ఆడిట్లు చేయడానికి భోపాల్ దుర్ఘటన తరవాత 1986లో పెట్రోలియం శాఖ కింద ఓఐఎస్‌డీ ఏర్పడింది. 2006 చట్టంతో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి వచ్చింది. మన పత్రిక చదివే కుటుంబాల్లో చాలామందికి ఈ గొట్టాలు దగ్గరి చుట్టాలే. మంగుళూరు నుంచి హాసన్ మీదుగా బెంగుళూరుకు, ముంబై నుంచి పుణె మీదుగా సోలాపూర్‌కు, చెన్నై నుంచి తిరుచ్చి, మదురైలకు, పారదీప్ నుంచి హైదరాబాదు దిక్కుకు, అన్నీ పొలాల కిందనుంచే.

యానాం పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో మామిడికుదురు మండలం నగరం గ్రామంలో పేలినది ద్రవం పైపు కాదు, గ్యాసుది. అయినా కథ ఒకటే. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమతో కూడిన గ్యాసు పోయింది, గొట్టం తుప్పు పట్టింది. వాసన వస్తోందని గ్రామస్థులు ముందే చెప్పారని అప్పటి పత్రికలు రాశాయి. ఇరవై మందికి పైగా పోయారు. పొయ్యి వెలిగించుకునే వేళ అది.

తవ్వకం వల్ల పైపులు దెబ్బతినకుండా అమెరికాలో 2007 నుంచి 811 అనే నంబరు ఉంది. తవ్వేముందు ఫోను చేస్తే వచ్చి ఎక్కడ ఏముందో గుర్తు పెట్టి వెళతారు. మన దేశంలో 2023 మార్చిలో ఇలాంటిదే ఒక మొబైల్ యాప్ ప్రారంభించారు. జేసీబీ నడిపే కుర్రవాళ్ళలో ఎంతమంది ఫోన్లలో అది ఉందో మీరే అడిగి చూడండి. నేను మా వీధిలో డ్రైనేజీ తవ్వుతున్నప్పుడు ఇద్దరిని అడిగాను. ఇద్దరూ నవ్వారు.

ఆ రైతు బావి సంగతి చెప్పలేదు కదూ. పొలం అవతలి గట్టున, రాయికి బాగా దూరంగా తవ్వాడు. అక్కడ నీళ్ళు కొంచెం లోతుగా పడ్డాయి. మరో పద్ధెనిమిది వేలు ఇవ్వవలసి వచ్చింది. నాలుగేళ్ళలో తీర్చేశాడు.

పోయిన సంవత్సరం ఒక పెళ్ళికి ఆ దారిన వెళుతూ కారు ఆపించాను. రాయి అలాగే ఉంది. రంగు వెలిసింది. అత్యవసర ఫోను నంబరులో చివరి రెండు అంకెలు చెరిగిపోయాయి. ఆ రైతు కొడుకు ఇంట్లోంచి పాత నోటీసు వెతికి తెచ్చి నంబరు చదివాడు. అక్కడే నిలబడి ఫోను చేశాను. నాలుగో రింగుకు ఎత్తారు. "రాయి మీద కిలోమీటరు ఎంత ఉందో చెప్పండి సార్" అన్నాడు అవతలి మనిషి. వంగి చూసి చెప్పాను. పదిహేను రోజుల తరవాత కుర్రవాడు ఫోటో పంపాడు, కొత్త రంగుతో.