వియన్నా కటకము, కొత్తపల్లె పందిరి

నంద్యాల, ఆళ్లగడ్డల సీమలోని కొత్తపల్లెలో పెండ్లి జరుగునపుడు, అది యింటిముంగిటి పందిటి క్రిందనైనను, అహోబిలమునందో మహానందియందో కుదుర్చుకొన్న కల్యాణమండపములోనైనను, ఒకరి శిరమున నొకరు జీలకఱ్ఱబెల్లము నుంచిన పిదప నడుమ పట్టిన తెర తొలగి, వధూవరులు ఒండొరుల ముఖము చూచుకొను క్షణమొకటి కలదు. గట్టిమేళము మ్రోగుచుండును, అక్షతలు నలుదెసలనుండి పడుచుండును, చుట్టములు ముందునకు ఎగబడుదురు. ముహూర్తము తఱచుగా రాత్రియో తెల్లవాఱుజామునో యుండును గనుక వెలుతురు చాలదు. ఫొటోగ్రాఫరు కొఱకు ఆ తెరను మరల పట్టుట శాస్త్రములో లేదు. పట్టించు ఘనులు నేడు లేకపోలేదు గాని వారి మాట వేఱు. అట్టి యఱకొఱ వెలుతురులో, అట్టి స్వల్పకాలములో, మానవముఖమును పట్టుటకే పుట్టిన యంత్రభాగ మొకటి యున్నది. నాభ్యంతరము మాఱని ఆ కటకమును నేటివారు ప్రైము లెన్సు అందురు. దాని పుట్టుక 1840వ సంవత్సరమున వియన్నా నగరమున జరిగినది.

అంతకు ముందటి యేడు, 1839లో, పారిస్ నగరమున డాగేర్ కనిపెట్టిన ఛాయాచిత్రణవిధానము లోకమునకు వెల్లడి యయ్యెను. వీథులు, మేడలు, విగ్రహములు ఆ వెండిరేకులపై అద్భుతముగా పడినవి. మనుష్యులు మాత్రము పడలేదు. షెవాలియే అను కటకశిల్పి డాగేర్ కెమెరాకు చేసి యిచ్చిన కటకము చిత్రపు అంచులను స్ఫుటముగా నిలుపుటకై తన ద్వారమును మిక్కిలి కుదించుకొనవలసి వచ్చెను. నేటి పరిభాషలో అది ఇంచుమించు ఎఫ్ 16. మండుటెండలో సైతము నిమిషముల తరబడి కదలక కూర్చుండగల వాడెవ్వడు? ముఖచిత్రమునకు కావలసినది వేఱొక కటకమని గ్రహించి, అది గాజును అరగదీయుచు తడవులాడిన దొరకునది కాదనియు, లెక్కకట్టి సాధింపవలసినదనియు నిశ్చయించినవాడు జోసెఫ్ పెట్జ్వాల్. ఈతడు 1807లో నేటి స్లొవాకియాలోని యొక చిన్న యూర జనించి, వియన్నా విశ్వవిద్యాలయమున గణితాచార్యుడైనవాడు.

ప్రతి కిరణము ప్రతి గాజుతలము వద్ద ఎంత వంగునో చేతితో లెక్కింపవలసిన కాలమది. ఆస్ట్రియా ఫిరంగిదళమునకు అధిపతియైన ఆర్చిడ్యూక్ లుడ్విగ్, గుండు పోవు దారిని లెక్కకట్టుటలో ఆరితేరిన తన సైనికులను కొందఱిని పెట్జ్వాల్ సేవకు అప్పగించెను. తుపాకిమందు వాసన గల ఆ లెక్కలనుండియే ప్రపంచమునందలి తొలి ముఖచిత్రకటకము వెలువడుట నాకు ఎప్పుడు తలచినను చిత్రముగా తోచును. ముందొక జంటగాజులు అతికి, వెనుకొక జంటగాజులు నడుమ గాలి విడిచి, మొత్తము నాలుగు గాజులతో కూర్చిన ఆ కటకపు ద్వారము ఎఫ్ 3.6, పాతదానికంటె దాదాపు ఇరువది రెట్ల కాంతిని లోనికి రానిచ్చునది. వోయ్‌గ్ట్లాండర్ అను వియన్నా వర్తకుడు దానిని తయారుచేసి, 1841లో ఇత్తడి కెమెరాకు తగిలించి అమ్మెను. ఆ నాళ్లలోనే వెండిరేకులకు బ్రోమిను పట్టించి వాటి చుఱుకుదనమును పెంచు ఉపాయమును దొరకినందున, నిమిషముల పని క్షణములలోనికి దిగెను. కీర్తి పెట్జ్వాలుకును, లాభము వోయ్‌గ్ట్లాండరుకును దక్కినవి. ఆచార్యునికి ముట్టినది ఒక్కసారిగా రెండువేల గుల్డెనులు మాత్రమే. స్నేహము చెడి వ్యాజ్యములు నడచెను. వర్తకుడు 1849లో కార్ఖానాను జర్మనీలోని బ్రౌన్‌ష్వైగునకు మార్చెను. 1859లో పెట్జ్వాల్ యింట దొంగలు పడి, ఆయన దృక్‌శాస్త్రమున వ్రాసికొన్న వ్రాతప్రతులు మాయమయ్యెను. 1891లో ఆయన వియన్నాలోనే కాలధర్మము నొందెను.

ఆ కటకమునకు దోషములు లేకపోలేదు. దాని స్ఫుటతలము సమముగా నుండక గిన్నె అడుగువలె వంగియుండును. చిత్రమధ్యమున ముఖము తేటగా నిలువగా అంచులు సుడిగా కరగిపోవును. కట్టడమును తీయువానికి అది లోపము, వదనమును తీయువానికి వరము. ఆ సుడికొఱకే 2013లో రష్యాలోని క్రాస్నోగోర్స్క్ కార్ఖానాలో పెట్జ్వాల్ నమూనాను మరల ఇత్తడిలో చేయించి అమ్మిరనిన, దోషమును సొమ్మిచ్చి కొను రసికులు ఏ కాలమునను కలరని తెలియుచున్నది.

మన తెలుగునేలపై ముఖచిత్రకళ రాజాశ్రయము పొందినది హైదరాబాదులో. 1844లో మీరట్ చెంతనున్న సర్ధనలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరు కొలువును విడిచి వచ్చిన లాలా దీన్‌దయాళ్, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. 1892లో ఆయన స్త్రీలకు ప్రత్యేకముగా నొక జనానా స్టూడియో తెఱచి, ఘోషా చెడకుండ, దాని నిర్వహణమును కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత కప్పగించెను. నాటి పెండ్లికూతురు కటకము ముందు కదలక కూర్చున్న స్త్రీ. నేటి పెండ్లికూతురు కదలుచు, నవ్వుచు, తలంబ్రాలు పోయుచునుండు స్త్రీ. ఈ మార్పునకు తగిన కటకము మరియొక గణకుని చేతిలో రూపొందవలసి వచ్చెను.

ఆతడు జర్మనీలోని యెనా పట్టణమున జైస్ సంస్థలో పనిచేసిన పాల్ రుడాల్ఫ్. 1896లో ఆయన ఆఱు గాజులను, నడుమనున్న ద్వారమునకు ఇరువైపులను ఇంచుమించు సమముగా నమర్చి, ప్లానార్ అను కటకమును నిర్మించెను. అది అంచులవఱకు తేటగానుండి, కాంతిని సమృద్ధిగా రానిచ్చునది. కాని గాలిని తాకు గాజుతలములు దానికి ఎనిమిది. ఒక్కొక్క తలము వద్ద నూటికి నాలుగైదు పాళ్ల కాంతి వెనుకకు మరలుటచే, నాలుగవవంతునకు మించి వ్యర్థమగుటయే కాక, ఆ మరలిన కాంతి లోలోపల తిరుగాడి చిత్రమును తెల్లగా మసకబార్చెను. అందుచే ప్లానార్ కొంతకాలము మూలబడినది. 1935లో అదే సంస్థలోని అలెగ్జాండర్ స్మకులా గాజుపై అతిసూక్ష్మమైన పూత పూసి ఆ ప్రతిఫలనమును అణచువిధము కనిపెట్టిన తరువాత గాని దాని యోగ్యత బయటపడలేదు. నేడు నంద్యాలలో కొత్తగా పనిలో దిగిన కుఱ్ఱవాడు తొలి సంపాదనతో కొనుచున్న 50 మి.మీ., ఎఫ్ 1.8 కటకము, పైతొడుగు ప్లాస్టిక్కుదైనను, ఆ ప్లానార్ వంశములోనిదే. హోమధూమమును దీపజ్వాలను ఎదురుగా నుంచుకొని చిత్రము తీయువాడు స్మకులాకు ఋణపడినాడని యెఱుగడు.

ఇంతలో జూము కటకము పుట్టి ప్రైము ప్రాభవమునకు పోటీ యయ్యెను. స్థిరచిత్రముల కెమెరాకు తొలి జూము 1959లో, 36 నుండి 82 మి.మీ. వఱకు మాఱునది, ఆ వోయ్‌గ్ట్లాండర్ పేరితోనే విపణికి వచ్చుట చరిత్రలోని చమత్కారము. పెండ్లిండ్లలో 24-70 జూము మిక్కిలి సుకరమని నేనును ఒప్పుకొందును. అయినను ఎఫ్ 2.8 జూముకంటె ఎఫ్ 1.8 ప్రైము దాదాపు రెండున్నర రెట్ల వెలుతురును లోనికి రానిచ్చును. వీడియోవాని దీపము ఆరిన వేళ ఆ రెండున్నర రెట్ల విలువ తెలియును.

ప్రైము కొనువాడు ఎఫ్ సంఖ్యనే చూచి మురియుట కద్దు. నేను మాత్రము మొదట అడుగుమందును: పెండ్లికూతురికి నీవు ఎంత దూరమున నిలువదలచితివి? ముక్కు పెద్దదిగా తోచుటయు, చెవులు వెనుకకు జారినట్లుండుటయు కటకపు గుణములు కావు, దూరపు గుణములు. 35 మి.మీ. కటకముతో ముఖమును చిత్రమంతట నింపదలచి అఱమీటరు దూరమునకు చేరినచో ఎంత చక్కని ముక్కైనను ఉబ్బును. రెండుమీటర్ల దూరమున 85 మి.మీ. కటకము, పెద్ద సెన్సరుగల కెమెరాపై, 85 సెంటీమీటర్ల వెడల్పును మాత్రమే చూచును. ముఖము, భుజములు, మెడలోని దండ అందులో ఒదుగును. అదే దూరమున 50 కటకము మీటరున్నర లోపు వెడల్పును, 35 కటకము రెండుమీటర్లకు పైబడి చూచును. చిన్న సెన్సరు కెమెరాపై 50 కటకమే ఇంచుమించు 75, 80ల పని చేయును గనుక, బీదవాని ముఖచిత్రకటకము అదియే.

85 కటకమును ఎఫ్ 1.8 వద్ద తెఱచినపుడు రెండుమీటర్ల దూరమున స్ఫుటముగా నుండు మందము ఆఱు సెంటీమీటర్లు మాత్రమే. కన్ను తేటగా నిలిచిన, చెవి బుట్టకమ్మ మసకబారును. ఇక్కడ మన పెండ్లికే ప్రత్యేకమైన చిక్కొకటి కలదు: నుదుట కట్టిన బాసికము కన్నులకంటె ముందునకు పొడుచుకొని, తళతళలాడుచు, కెమెరా స్వయముగా వెదకు దృష్టిని తనవైపు లాగుకొనును. కన్నును గుర్తించు నేటి మిఱ్ఱర్‌లెస్ కెమెరాలు ఆ చిక్కును చాలవఱకు తగ్గించినవి. పాత కెమెరాలపై మాత్రము కేంద్రబిందువును చేతితో కంటిపై నిలుపుటయే గతి. విగ్రహమునకు నేత్రోన్మీలనమును చిట్టచివరి కార్యముగా నుంచుకొను శిల్పులకు ఆళ్లగడ్డ పేరుపడినది. వారి పొరుగున పెండ్లి తీయువాడు మాత్రము కన్నుతోనే మొదలుపెట్టవలయును.

తెర తొలగు వేళ నేను ఎన్నుకొనునది 35. ఏలయనిన ఆ యిఱుకులో వెనుకకు జరుగుటకు తావుండదు, ఇద్దఱి ముఖములు, పురోహితుని చేయి, తెర అంచు ఒక్క చట్రములో పడవలయును. మాంగల్యధారణమునకు సైతము అదియే. పెండ్లికూతురు పీటలపైనుండి తన తల్లివైపు దొంగచూపు చూచునపుడు, జనము నడుమనుండి దూరముగా నిలిచి, 85 చేతనుండిన ధన్యుడు. ఈ రెంటికి సొమ్ము చాలనివాడు 50 కొని, తన కాళ్లను జూముగా వాడుకొనవచ్చును; జనము త్రోవ యిచ్చినప్పుడు.

బంధువులందఱును వరుసలు కట్టి నిలుచు చిత్రమునకు వచ్చుసరికి విశాలద్వారపు మోజును కట్టిపెట్టవలయును. నాలుగుమీటర్ల దూరమున 85 కటకము ఎఫ్ 1.8 వద్ద పట్టునది ఇరువదినాలుగు సెంటీమీటర్ల మందము. రెండు వరుసల నడుమ దూరమే అంతకు మించును. 35 కటకమును ఎఫ్ 5.6 వఱకు మూసికొని, ఫ్లాషు వెలిగించి తీసినవానికి మూడు వరుసలు తేటగా దొరకును. మూయనివానికి వెనుకవరుసలోని మేనత్త ముఖము మసకగా వచ్చును. ఆల్బము చేతికందిన నాడు ఆమె పెట్టు గోలకు పెట్జ్వాలును రుడాల్ఫును అడ్డుపడరు.