పది ఆప్షన్లు, 1,024 డెస్క్‌టాప్‌లు: లినక్స్ వాడేవారి వాదన దేని గురించి?

కంప్యూటర్ తెర మీద కనిపించే ప్యానెల్, మెనూలు, విండోలు, సెట్టింగులు అన్నీ కలిపితే డెస్క్‌టాప్. విండోస్‌లో అది మైక్రోసాఫ్ట్ ఇచ్చినదే. లినక్స్‌లో గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మేట్, సినమన్ వంటివాటిలో నచ్చినది పెట్టుకోవచ్చు. ఇన్ని ఉన్నా వాదనలు మాత్రం ఆగవు. ఎందుకో కొన్ని అంకెలు చెబుతాయి.

1996-2000: లైసెన్సు తగవు

1996 అక్టోబరులో మతియాస్ ఎట్రిచ్ అనే జర్మనీ విద్యార్థి కేడీఈకి శ్రీకారం చుట్టారు. అందుకు ఎంచుకున్న క్యూటీ టూల్‌కిట్ (బటన్లు, మెనూలు వంటివాటిని తయారుచేసే సామగ్రి) లైసెన్సు అప్పటికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకు ఒదగలేదు. ఒక కంపెనీ షరతుల మీద ఆధారపడే డెస్క్‌టాప్ వద్దంటూ మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడరికో మేనా 1997 ఆగస్టులో గ్నోమ్ మొదలుపెట్టారు. 2000 సెప్టెంబరులో క్యూటీ కూడా జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చింది. తగవుకు మూలం పోయింది. ఈలోగా రెండింటికీ వేర్వేరు అలవాట్లు, వేర్వేరు అభిమానులు ఏర్పడిపోయారు.

1,024: ఆప్షన్ల ఖరీదు

2002 జూన్‌లో వచ్చిన గ్నోమ్ 2 చాలా సెట్టింగులను తీసేసింది. ప్రతి ఆప్షన్‌కూ ఖర్చుంటుందని ఆ బృందంలోని హావొక్ పెన్నింగ్టన్ ఆ ఏడాదే రాశారు. లెక్క వేసి చూడండి. అవును, కాదు అని మాత్రమే ఎంచుకునే ఆప్షన్లు పది ఉంటే, వాటి కలయికలు 1,024. ఇరవై ఉంటే 10,48,576. ఏ కలయికలో ఏ లోపం దాగి ఉందో అన్నిటినీ పరీక్షించి చూడటం ఎవరి తరమూ కాదు.

అలాగని ఆప్షన్లు కోరేవారిది మొండితనం కాదు. చూపు తగ్గినవారికి పెద్ద అక్షరాలు కావాలి. పాత యంత్రానికి తేలికైన డెస్క్‌టాప్ కావాలి. ఏళ్ల తరబడి ఒక తీరుకు అలవాటైన చేతులకు ఆ తీరే వేగం. కేడీఈ ఎక్కువగా ఈ పక్షాన నిలిచింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6లో ఫైలు తెరవడానికి డబుల్ క్లిక్‌ను డిఫాల్ట్ చేసినా, పాత సింగిల్ క్లిక్‌ను తీసేయలేదు. కావలసినవారు సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.

22 రోజులు: 2011 ఏప్రిల్

2011 ఏప్రిల్ 6న వచ్చిన గ్నోమ్ 3 తెర రూపురేఖలన్నీ మార్చేసింది. విండో మీది మినిమైజ్, మాక్సిమైజ్ బటన్లు కూడా మామూలుగా కనబడలేదు. సరిగ్గా 22 రోజులకు, ఏప్రిల్ 28న, లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు తన సొంత డెస్క్‌టాప్ యూనిటీని డిఫాల్ట్ చేసింది. పాత గ్నోమ్‌కు అలవాటుపడినవారికి రెండు దారులూ కొత్తవే. లినక్స్ కెర్నల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ సైతం విసుగెత్తి అప్పట్లో ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారారు.

ఇక్కడే స్వేచ్ఛా లైసెన్సు విలువ తెలిసింది. గ్నోమ్ 2 కోడ్‌ను తీసుకుని ముందుకు నడిపే హక్కు ఎవరికైనా ఉంది. అలా ఆ ఏడాదే మేట్ పుట్టింది. మరో లినక్స్ రకమైన లినక్స్ మింట్ బృందం విడిగా సినమన్‌ను తయారుచేసింది.

6 ఏళ్లు: హక్కు వెంట వచ్చే పని

కోడ్‌ను కాపీ చేయడానికి ఒక్క రోజు చాలు, దాన్ని బతికించడానికి ఏళ్లు పడతాయి. మేట్ పూర్తిగా జీటీకే 3 అనే టూల్‌కిట్‌కు మారేసరికి 2017 మార్చి వచ్చింది. ఆ మరుసటి నెలలోనే యూనిటీని వదిలేస్తున్నట్టు ఉబుంటు వెనుక ఉన్న కంపెనీ కానానికల్ ప్రకటించింది, అక్టోబరులో ఉబుంటు తిరిగి గ్నోమ్‌కు వచ్చింది. వెనుక కంపెనీ ఉన్న యూనిటీకి ఆ దన్ను పోయింది. వాడేవారే భుజానికెత్తుకున్న మేట్ కొనసాగుతోంది.

కాబట్టి ఏది గొప్పదన్న వాదన కంటే, మనకు నచ్చినదాన్ని ఎవరు నిలబెడుతున్నారన్న ప్రశ్న ముఖ్యం. డెస్క్‌టాప్ ఎంచుకోవాలంటే, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపే లైవ్ యూఎస్‌బీతో రెండు మూడింటిని నడిపి చూడండి. నచ్చినదానిలో లోపం కనబడితే తయారీదారులకు వివరంగా తెలియజేయండి. గ్నోమ్, కేడీఈ మెనూలను తెలుగులోకి తెస్తున్నది ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తలే. అక్కడ ఒక్క వాక్యం అనువదించినా ఆ డెస్క్‌టాప్ మనకు మరికాస్త దగ్గరవుతుంది.