ఎదిగే పిల్లవానికి ఎంత బ్యాటు?

పిల్లలకు బట్టలు కుట్టించేటప్పుడు మన పల్లెలలో ఒక అలవాటు ఉన్నది. "ఎదిగే పిల్లవాడు, కొంచెం వదులుగా కుట్టు" అని దర్జీతో చెప్తాము. చెప్పులు కొన్నా అంతే. బట్టల విషయములో ఆ లెక్క బాగానే ఉంటుంది. అదే లెక్కను క్రికెట్ బ్యాటుకు వేసి మేమొక పొరపాటు చేశాము. దాచుకొనుటకంటె చెప్పుకొనుటే మేలనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా సంఘములో కౌలుకు పత్తి వేసుకునే సహోదరుడొకడు ఉన్నాడు. అతని 11 ఏండ్ల కుమారుడు బడి జట్టులోకి ఎంపికయ్యాడు. "అయ్యగారూ, పోరడు తోలు బంతితో ఆడాల్నంట. మళ్ల మళ్ల కొనే తాకత్ నాకు లేదు. ఎసొంటిది కొనాలె?" అని అతడు మమ్మును అడిగాడు. టెన్నిస్ బంతితో తప్ప ఎన్నడూ ఆడని మేము అన్నీ తెలిసినవారివలె, "పెద్దదే తీసుకో, నాలుగేండ్లు వస్తుంది" అన్నాము. అతడు మేకపోతును అమ్మి పెద్దవాళ్లు ఆడే బ్యాటు కొని తెచ్చాడు.

రెండు నెలలు గడిచేసరికి బాలుని మణికట్టుకు గుడ్డకట్టు కనబడింది. బ్యాటు లేచేలోపే బంతి వికెట్లకు తగులుతున్నది. జట్టులోనుండి తీసివేశారు. వాడు మా మీదగాని, తండ్రి మీదగాని నేరము మోపలేదు. "నాకే ఆట రాదు అయ్యగారూ" అన్నాడు. ఆ మాట మాకు ముల్లువలె గుచ్చుకున్నది. తప్పు బ్యాటుది, అది కొనమన్న మాది. నింద మాత్రము పసివాడు తన మీద వేసుకున్నాడు.

నాంపల్లిలో దిగి

నొప్పి పూర్తిగా తగ్గిన తరువాత తండ్రీకొడుకులతో కలిసి వికారాబాద్ మీదుగా వచ్చే రైలులో నాంపల్లి స్టేషనులో దిగాము. అక్కడినుండి ఆబిడ్స్‌కు నడకే. ఆరవ నిజాము కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ దుకాణము పేరే ఆ వీధికి నిలిచిపోయింది. అజారుద్దీన్ చదివిన ఆల్ సెయింట్స్, లక్ష్మణ్ చదివిన లిటిల్ ఫ్లవర్ బడులు ఆ చుట్టుపక్కలవే. లాల్ బహదూర్ స్టేడియము కూడా దగ్గరే. 1999 నవంబరులో న్యూజిలాండు మీద సచిన్ 186 పరుగులు కొట్టి అజేయుడుగా నిలిచింది అక్కడే అని చెప్పగా బాలుని కండ్లు మెరిసినవి.

ఆటసామాను దుకాణములోని పెద్దాయన పాత బ్యాటును చేతిలోకి తీసుకొని నవ్వాడు. "పాస్టర్ సాబ్, ఇది మీరు ఆడే బ్యాటు. బచ్చా ఆడేది కాదు" అన్నాడు. తరువాత ఓపికగా చూపించిన సంగతులు మీకును పనికివచ్చును.

ఎత్తును బట్టి కొలత

పిల్లల బ్యాట్లకు 1 నుండి 6 వరకు నంబర్లు ఉంటాయి. ఆపైన హారో, ఆపైన పెద్దవారి షార్ట్ హ్యాండిల్. వయస్సును కాదు, ఎత్తును చూడవలెను. సుమారుగా 4 అడుగుల 6 అంగుళాలనుండి 4 అడుగుల 9 అంగుళాల వరకు 3వ నంబరు, అక్కడినుండి 4 అడుగుల 11 అంగుళాల వరకు 4వ నంబరు, 5 అడుగుల 2 అంగుళాల వరకు 5వ నంబరు సరిపోతాయి. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉండవచ్చును. గనుక బయలుదేరే ముందే పిల్లవానిని గుమ్మానికి ఆనించి నిలబెట్టి కొలిచి, కాగితము మీద వ్రాసుకొని వెళ్లండి.

బరువుకు ఒక పరీక్ష ఉన్నది. కుడిచేతి ఆటగాడైతే పిడి పైభాగమును ఎడమచేతితో మాత్రమే పట్టి, బ్యాటును ముందుకు చాపి కొంతసేపు నిలపవలెను. చేయి వణికినా, బ్యాటు కొస కిందికి వాలినా అది బరువెక్కువే. రెండు నంబర్ల మధ్య సందేహము వస్తే, తేలికగా తిప్పగలిగినదే మేలు. బరువైన బ్యాటుతో పిల్లవాడు కింది చేతి బలముతో అడ్డముగా ఊపుతాడు. ఆ అలవాటు ఒకసారి పడితే మాన్పించుట కష్టము.

కర్రలో తేడా

ఇంగ్లీషు విల్లో తేలిక, మెత్తన, బంతి బాగా ఎగురుతుంది. ధర కూడా ఎగురుతుంది. మన కాశ్మీరు విల్లో కొంచెము గట్టిది, సాధారణముగా బరువైనది, ధర చాలా తక్కువ. ఆట నేర్చుకునే పిల్లలకు తేలికైనది ఏరుకుంటే కాశ్మీరు కర్ర చాలును. స్టిక్కరు మీది ఆటగాని పేరును చూసి మోసపోవద్దు. అంచులు లావుగా ఉన్నవని మురియవద్దు. పెద్దల ఆటలోనే 2017 అక్టోబరునుండి అంచు 40 మిల్లీమీటర్లు దాటరాదని నియమము వచ్చింది. టెన్నిస్ బంతికని చేసిన బ్యాటుతో తోలు బంతి ఆడితే పగులుతుంది గనుక అడిగి తీసుకొనుడి. పిడి కర్రలో దిగిన చోట చీలిక ఉన్నదేమో వెలుతురులో చూడండి.

ఇంటికి తెచ్చిన తరువాత

పైన ప్లాస్టిక్ పొర లేని బ్యాటుకు పచ్చి అవిసె నూనెను గుడ్డతో పలుచగా రెండు మూడుసార్లు రాసి, ప్రతిసారీ పడుకోబెట్టి ఆరనివ్వాలి. పిడి దిగిన చోట నూనె తగలరాదు. ఎక్కువ పోస్తే బ్యాటు బరువెక్కి చచ్చుబడుతుంది. ఆ తరువాత కర్రసుత్తితోనో, మేజోడులో వేసిన పాత బంతితోనో మొదట మెల్లగా, పోను పోను గట్టిగా కొడుతూ, మొత్తము మీద అయిదారు గంటలు గట్టిపరచవలెను. ఒక్కరోజులో కానక్కరలేదు. తడి నేలమీద నిలబెడితే కొస నీరు పీల్చి ఉబ్బుతుంది. రేకుల కప్పు కింద వేడిలో పెడితే చిట్లుతుంది.

మా బాలుడు 4 అడుగుల 10 అంగుళాలు ఉన్నాడు. 4వ నంబరు కాశ్మీరు బ్యాటు తీసుకున్నాము. తప్పు మాది గనుక ఖర్చు మేమే పెట్టుకున్నాము. పాతదానిని ఇంటరు చదివే యువకుడొకడు సగము ధరకు తీసుకొనగా ఆ సొమ్ము తండ్రికి చేరింది. సౌలు కవచము దావీదుకు కుదరలేదని సండేస్కూలులో ఎన్నిసార్లు చెప్పామో! మా ఎదుట ఉన్న పిల్లవాని చేతికి మాత్రము బరువును మేమే ఇచ్చాము.

తరువాతి పోటీలో వాడు చేసినవి 14 పరుగులే. అయినా బంతి బ్యాటు మధ్యలో తగిలిన శబ్దము విని, గట్టుమీద కూర్చున్న తండ్రి లేచి నిలబడ్డాడు. ఇప్పుడు వారి గుమ్మము మీద బొగ్గుతో ఒక గీత ఉన్నది. వాడు ఆ గీత దాటి ఎదిగిన నాడు మళ్లీ కొలుద్దాము.