సానరాయి – పదునుకు మూలము

వడ్రంగి పనిలోని దోషములు కొయ్యమీద కనబడును గాని, వాని మూలము తరచు సానరాతిమీద నుండును. మొద్దుబారిన ఉలి కొయ్యను కోయదు, చీల్చును. దానిని నెట్టుటకు బలము హెచ్చు కావలెను. బలము హెచ్చినకొలది చేయి అదుపు తప్పును. కావున వాడి ఉలికంటె మొండి ఉలియే చేతికి ఎక్కువ అపాయకరము.

పదును అనగా నేమి? రెండు చదునైన తలములు కలియుచోట ఏర్పడు గీతయే పదును. ఉలి వాలు సాధారణముగా 25 మొదలు 30 డిగ్రీల వరకు ఉండును. మొదట గరుకు సానపై వాలును ఒకే కోణమున నిలిపి నూరవలెను. వెనుకవైపు అంచున సన్నని ఇనుపపొర తేలి వ్రేలికి తగిలినచో, రాపిడి అంచువరకు చేరినదని గుర్తు. పిమ్మట నున్నని సానపై వాలును మరల నూరి, ఉలి వీపును రాతిపై పూర్తిగా ఆనించి ఆ పొరను తొలగింపవలెను. జపాను నీటిసానలలో 1000 సంఖ్య గలది నడిమి తరగతి. 6000, 8000 సంఖ్యలవి తుది మెరుగునకు.

రాతికి కోయు శక్తి దానిలోని కఠినమైన నలుసులవలన కలుగును. కాఠిన్యమానమున వజ్రము 10 కాగా కురువిందము 9. ఆంగ్లములోని కోరండమను పేరు దక్షిణభారత భాషలనుండి వెళ్లినదే. 1893లో అమెరికాలో ఎడ్వర్డ్ ఏచిసన్ హక్కుపత్రము పొందిన కార్బొరండము అంతకంటెను కఠినమైన కృత్రిమ పదార్థము.

నూరునపుడు నీరో నూనెయో వాడినచో ఇనుపరజము తేలిపోయి రాతి రంధ్రములు పూడకుండును. నూనె త్రాగిన రాతికి నీరు సరిగా పట్టదు. కనుక ఆదిలోనే ఒకదానిని నిర్ణయించుకొనుట మేలు. తిరుగుడు సానపై ఉక్కు వేడెక్కి నీలివన్నె తిరిగెనా, దాని పాయనము చెడినట్లే.

అందరును నడుమనే నూరుటచే సాన గుంటపడును. గుంటరాతిపై నూరిన ఉలి అంచు వంపు తిరుగును. ఆ ఉలితో చెక్కిన అతుకు సందు విడుచును. దీనికి మందు సులభము. సానపై పెన్సిలుతో అడ్డముగను నిలువుగను గీతలు గీసి, దళసరి గాజుపలకపై పరచిన ఉప్పుకాగితముమీద ఆ గీతలన్నియు చెరుగువరకు రుద్దవలెను. చివర మిగిలిన గీతయే గుంట యెక్కడనో చూపును.

పాఠశాల పనిగదిలో ఒకే సానను పదిమంది బాలురు వాడుదురు. పీటకాలి అతుకులో సందు కనబడినపుడు బాలుని చేతిని నిందించుటకు ముందు ఉపాధ్యాయుడు సానను తడిమి చూచుట న్యాయము.